నమూనా గొంతు

"తిట్టండమ్మా," అన్నాడు డాక్టర్ పరాంకుశం, మెల్లగా, మర్యాదగా.

నూకరత్నం కుర్చీ అంచున కూర్చుని అటూ ఇటూ చూసింది. అది అద్దాల గది. మూడు వైపులా గోడలకు నల్లటి స్పాంజి అతికించారు. ఎదురుగా ఒక మైకు. నాలుగో వైపు అద్దానికి అవతల నలభై మంది ఆడా మగా వరసగా కూర్చున్నారు. అందరి మణికట్లకూ తెల్లటి బ్యాండ్లు, అందరి తలల మీదా చిన్న చిన్న బల్బులు.

"ఎవుర్ని తిట్టమంతారు బాబూ?"

"ఎవరినైనా సరే. మీ ఇష్టం."

"ఎదర మనిసి నేకుండా తిట్టెలాగ వత్తాది? తిట్టంటే ఒకలికి ఇచ్చీదే గదా. గోడకిత్తే అదేటి పుచ్చుకుంతాది?"

డాక్టరుకి నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. "మీరు రోజూ ఎవరిని ఎక్కువగా తిడతారో ఆ మనిషి ఎదురుగా ఉందనుకోండి," అన్నాడు.

నూకరత్నం కళ్ళు మూసుకుంది. వెంటనే అత్త ఆశిరమ్మ కనిపించింది. ఎనభై ఏళ్ళది, రెండు కళ్ళూ పోయినది, గోడ తడుముకుంటూ వాకిట్లోకి వస్తోంది. నూకరత్నం గుండెల్నిండా గాలి పీల్చుకుంది.

"ఓలి ముసల్దానా, నీ జిమ్మడిపోనూ, ఎక్కడికే ఎలిపోతన్నావు? ఆ గడప తగిలి బోర్లా పడితే నీ పాడె మొయ్యడానికి మనుసులెవులున్నారే? నీ మొగుడొత్తాడా సముద్రంలోంచి లెగిసి? కూకో అక్కడ, నీ కాళ్ళిరిగిపోనూ..."

అద్దానికి అవతల బల్బులు పసుపు రంగుకి మారాయి, అక్కణ్ణుంచి ఎరుపుకి. ఒకావిడ చెవులు మూసుకుంది. నూకరత్నం అవేమీ చూడలేదు. మూసిన కళ్ళ ముందు ముసల్ది బోసినోటితో నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూ ఆమె గంటసేపు ఆగకుండా తిట్టింది.

కొత్తరేవు పట్నంలో నూకరత్నం నోటి గురించి తెలియనివాళ్ళు లేరు. రేవు పక్క చేపల మార్కెట్టులో ముప్ఫై ఏళ్ళుగా అమ్ముతోంది. బేరగాళ్ళను తిట్టేది, తోటి ఆడవాళ్ళను తిట్టేది, కాకుల్ని తిట్టేది. మొగుడూ మామా ఒకే తుఫానులో పోయాక ఆ రేకుల ఇంట్లో మిగిలింది అత్తా కోడళ్ళిద్దరే. ఇంట్లో ఉన్నంతసేపూ కోడలి నోరు ఆగేది కాదు. ముసల్దీ తక్కువ తినలేదు. ఒకరికొకరు జవాబు చెప్పుకుంటూ వండుకునేవాళ్ళు, తినేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు.

మార్కెట్టు వెనక ఇరవై అంతస్తుల అపార్టుమెంట్లు లేచాక తంటా వచ్చింది. బాల్కనీల్లోంచి వినే పిల్లలు ఆ మాటలు నేర్చుకుంటున్నారని నగర మర్యాద సంఘానికి నలభై ఫిర్యాదులు వెళ్ళాయి. సంఘం వాళ్ళు నూకరత్నాన్ని పిలిచి రెండు దారులు చూపించారు. మార్కెట్టులో చోటు ఖాళీ చెయ్యాలి, లేదా పదకొండు రోజులు పొద్దున్న పూట డాక్టర్ పరాంకుశం లాబొరేటరీకి వెళ్ళి ఆయన చెప్పినట్టు చెయ్యాలి. ఆమె రెండోది ఒప్పుకుంది.

పదకొండో రోజున పని అయిపోయాక ఆమె అడిగింది. "ఇంతకీ నా తిట్లు పట్టుకుని ఏటి సేత్తారు బాబూ?"

పరాంకుశం నలభై ఐదేళ్ళవాడు. సన్నగా ఉంటాడు. ప్రతి మాటనీ లోపల ఒకసారి చెప్పి చూసుకుని బయటికి వదిలేవాడిలా మాట్లాడతాడు. ఆయన కుర్చీ లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"సముద్రంలో అల చూస్తారు కదా. అల ఎంత పైకి లేస్తుందో సరిగ్గా అంత లోతున్న పల్లం వచ్చి దాంతో కలిసిందనుకోండి. ఏమవుతుంది?"

"నీరు సదునైపోద్ది."

"శబ్దం కూడా గాలిలో లేచే అలే. మేము ఊరంతా స్తంభాలు పాతుతున్నాం. ఇళ్ళల్లో సీలింగుకి బిళ్ళలు బిగిస్తున్నాం. దానికి 'సౌమ్య' అని పేరు పెట్టాం. ఎవరైనా చెడ్డమాట అనగానే సౌమ్య దానికి పల్లం తయారుచేసి గాలిలోకి వదులుతుంది. రెండూ కలిసి చదునైపోతాయి. మాట ఎవరి చెవికీ చేరదు."

"బూతులన్నీ ఓ కాయితమ్మీద రాసుకుంతే సరిపోను గదా. దానికి నానెందుకు?"

"ముందు అదే చేశామమ్మా. పనికి రాలేదు. ఒక్క బూతు లేకుండా మనిషిని చంపే మాటలు అనేవాళ్ళున్నారు. అందుకని సౌమ్యకి మాటలు కాదు, దెబ్బ నేర్పాలనుకున్నాం. మీరు తిడుతుంటే అక్కడ కూర్చున్నవాళ్ళ గుండె ఎంత కొట్టుకుంది, చెయ్యి ఎంత చెమట పట్టింది, ఒళ్ళు ఎప్పుడు ముడుచుకుంది, ఇవన్నీ బ్యాండ్లు రాసుకున్నాయి. మీ గొంతు మాకు నమూనా. దాన్ని పట్టుకుని సౌమ్య మిగతావి గుర్తుపడుతుంది."

"నా తిట్టుకి మా అత్త నవ్వుద్ది బాబూ."

"మీ అత్తగారు ఒక్కరు. ఇక్కడ నలభై మంది ఇంకోలా అంటున్నారు."

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. "ఇంతలా పట్టుబట్టారు. మిమ్మల్ని ఎవులో గట్టిగా తిట్టుంటారు," అంది.

పరాంకుశం చేతులు చూసుకున్నాడు. "నాకు చిన్నప్పుడు నత్తి. మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచింది మా అమ్మ ఒక్కతే. మిగతావాళ్ళు పిలిచిన పేర్లు ఇప్పటికీ నిద్రలో వినపడతాయి. అవి ఇంకొకరికి వినపడకూడదని నా కోరిక."

అందులో అబద్ధం లేదని ఆమెకి అర్థమైంది. "మంచిది బాబూ," అని లేచింది.

కార్తీకమాసంలో స్తంభాలు పనిచెయ్యడం మొదలైంది. మొదటి నెలలో ఊరు నిజంగానే తేలికపడింది. బస్టాపు దగ్గర కుర్రాళ్ళు నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు, ఏమీ రావడం లేదు. కాలేజీ అమ్మాయిలు తలలెత్తుకుని నడిచారు. మార్కెట్టు ఊడ్చే ఎరకయ్య నూకరత్నం గంప పక్కన చీపురు ఆన్చి నిలబడ్డాడు. "అప్పా, నలభై ఏళ్ళయ్యింది. కులం పేరెట్టి నన్నెవులూ పిలవకుండా ఒక రోజు గడిచింది ఇయ్యాల," అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన గొంతు ఇందుకు పనికొచ్చిందని నూకరత్నానికి గర్వంగానే అనిపించింది.

అప్పటికి ఆమె మాటల్లో తిట్లొక్కటే పోయేవి. చిమ్మటలు తిన్న గుడ్డలాగా వాక్యం మధ్య చిన్న చిన్న చిల్లులు పడేవి. బేరగాళ్ళు ఆ చిల్లుల్ని ఊహించుకుని నవ్వేవాళ్ళు.

అయితే సౌమ్య ఒకసారి నేర్చుకుని ఊరుకునే మెషీన్ కాదు. ఊళ్ళో సగం మంది చేతులకి బ్యాండ్లున్నాయి. వారానికొకసారి వాటిని చూసి తనను తాను సరిదిద్దుకునేది. పెద్ద తిట్లు మాయమయ్యాక జనం ఒళ్ళు చిన్న మాటలకి ముడుచుకోవడం మొదలుపెట్టింది. సౌమ్య ఆ చిన్న మాటల్ని తీసేసింది. అప్పుడు ఇంకా చిన్నవాటికి ముడుచుకుంది. అలా మెట్టు మెట్టుగా కిందికి దిగుతూ, నమూనాకి దగ్గరగా ఉన్నవాటిని ముందు తీసేస్తూ వచ్చింది. నమూనాకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది నమూనాయే.

ఒకనాటి పొద్దున్న నూకరత్నం గంప దించి, నీళ్ళు చల్లి, "రండి బాబూ, కానాగంత సేపలు, ఇప్పుడే వొడ్డున పడ్డాయి" అని కేక పెట్టింది. కేక వినపడలేదు.

ఆమె గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచింది. గొంతులో నరాలు బిగిసాయి, నోటికి గాలి తగిలింది, పుర్రె లోపల ఎక్కడో బావి అడుగునుంచి ఎవరో పిలిచినట్టు సన్నగా తన మాట తనకి తెలిసింది. చెవులకి మాత్రం సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. పక్కన కూర్చున్న ఆవిడ మామూలుగానే మాట్లాడుతోంది. "ఏటే రత్నం, అలా నోరు తెరిసి కూకున్నావు?" అనడిగింది. నూకరత్నం ఆమె భుజం పట్టుకుని కుదుపుతూ అరిచింది. ఆవిడ ఆ నోటికేసే చూస్తూ మెల్లగా వెనక్కి జరిగింది.

పదిహేను రోజుల్లో ఆవిడ గొంతు కూడా పోయింది. తరవాత ఆ వరసంతా పోయింది. పొద్దున్నే చేపల మార్కెట్టుకి వచ్చినవాళ్ళకి చెక్కల మీద కత్తులు పడే చప్పుడూ, నీళ్ళు చిలకరించే చప్పుడూ వినపడేవి. వంద మంది ఆడవాళ్ళు చేతులూపుతూ, కళ్ళెగరేస్తూ, పెదాలాడిస్తూ చేపలమ్ముతున్నారు. అపార్టుమెంట్ల వాళ్ళు మొదట మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి ఆ దారిన రావడం మానేశారు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయారు. బేరాలు తగ్గాక నూకరత్నం రొయ్యల ప్యాకింగ్ షెడ్డులో పనికి కుదిరింది. అక్కడ చేతులకి రబ్బరు తొడుగులేసుకుని మాట్లాడకుండా నిలబడాలి.

ఇవన్నీ ఆమె ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది ఇంట్లో జరిగింది.

గొంతు పోయిన రోజున ఆమె ఇంటికి వచ్చి తలుపు తోసేసరికి ఆశిరమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఎవులది? రత్నవా?"

నూకరత్నం అవునంది. సీలింగుకి ఉన్న తెల్లబిళ్ళ ఆ మాటని చదును చేసేసింది.

"మాటాడవేటే? ఎవులు నువ్వు?"

నూకరత్నం దగ్గరికెళ్ళి ముసల్దాని చెయ్యి పట్టుకుంది. ఆశిరమ్మ ఆ చెయ్యి తడిమింది. గాజులు లెక్కపెట్టినట్టు ఒకటొకటే ముట్టుకుంది. ఆమె మొహంలో నెత్తురు తగ్గిపోవడం నూకరత్నం చూసింది.

"గాజులు దానియ్యే," అంది ముసల్ది. "దాన్నేటి సేసీసి నువ్వు తొడుక్కున్నావు?"

ఆ వారం నూకరత్నం కర్రతో బిళ్ళని పగలగొట్టింది. వీధి స్తంభం ఇంటిక్కూడా సరిపోయింది. పక్కింటివాళ్ళు వచ్చి "నీ కోడలేనే" అని చెబితే ఆశిరమ్మ తల అడ్డంగా ఊపింది. "నా కోడలైతే నోరెత్తకుండా గంటసేపుంటాదా? మీరంతా ఆఫీసోళ్ళతో కలిసిపోయారు," అంది. పెడితే తినేది. తింటున్నంతసేపూ చెవి రిక్కించి, గదిలో తిరుగుతున్న ఆ మాటరాని మనిషి ఏ మూలనుందో కనిపెట్టడానికి చూసేది. తెల్లారేసరికి మంచం గోడ మూలకి జరిపి ఉండేది.

నూకరత్నం లాబొరేటరీకి వెళ్ళింది. అద్దాల గదిలో సౌమ్య పనిచెయ్యదు. అక్కడ కుర్చీలో కూర్చుని నోరు తెరవగానే తన గొంతు తన చెవిన పడి ఆమె ఉలిక్కిపడింది.

"బాబూ, మా అత్త నన్ను సూసి బయపడతంది. నా గొంతు నాకిచ్చీండి."

పరాంకుశం కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుని పాత రికార్డులు తీసి చూశాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది.

"నాకొక పొరపాటు కనపడిందమ్మా. మూడో రోజునుంచి ఆ నలభై మందీ మీరు తిట్టకముందే ముడుచుకుంటున్నారు. మీరు గాలి పీలుస్తారు చూడండి, అప్పుడే బల్బులు ఎర్రబడ్డాయి. సౌమ్య మీ తిట్టునే కాదు, మీ ఊపిరిని కూడా తప్పుగా నేర్చుకుంది. మీరు జోలపాట పాడినా తీసేస్తుంది."

"అయితే నన్నొక్కదాన్ని అందులోంచి తీసెయ్యండి."

"తీస్తే దానికి చెడు అంటే ఏమిటో తెలియదు. తూకం రాయి తీసేశాక తక్కెడ దేన్ని తూస్తుంది? అయినా మీ గొంతు పోయిందని తెలిసి మొన్న సంఘం ముందు అడిగాను. మీ ఒక్కరికైనా మినహాయింపు ఇమ్మన్నాను." ఆయన ఆగాడు. పెదాలు ఒక అక్షరం దగ్గర చిక్కుకుని రెండుసార్లు కొట్టుకున్నాయి. "నే... నేను కంగారుపడితే నత్తి వస్తుంది. నత్తి వింటే జనం ఒళ్ళు ఇబ్బందిగా కదులుతుంది. ఇబ్బందికీ దెబ్బకీ తేడా బ్యాండుకి తెలీదు. మీటింగులో నేను చెప్పింది సగం ఎవరికీ వినపడలేదమ్మా. నేను చెప్పడం అయిపోయిందనుకుని వాళ్ళు తరవాతి విషయానికి వెళ్ళిపోయారు."

ఆ పట్నంలో వాళ్ళిద్దరి మాటా వినపడే చోటు ఆ అద్దాల గదొక్కటే.

చివరికి ఆయన ఒక మెడపట్టీ తెచ్చాడు. నల్లగా, రెండు వేళ్ళ వెడల్పున ఉంది. గొంతు నరాల కదలికను బట్టి ఏమనబోతున్నారో కనిపెట్టి, ఊళ్ళో ఎవరికీ ఇబ్బంది కలగని గొంతుతో, ఇబ్బంది కలగని మాటల్లో అది పలుకుతుందని చెప్పాడు. "మీ గొంతు కాదు. ఏమీ లేనిదానికంటే నయం," అన్నాడు.

ఆ సాయంత్రం నూకరత్నం పట్టీ పెట్టుకుని కంచంలో అన్నం వడ్డించి, అలవాటు కొద్దీ "మింగి సావే ముసల్దానా" అంది.

"అమ్మగారూ, దయచేసి భోజనం చెయ్యండి," అంది మెడ దగ్గర ఒక తీయటి గొంతు.

ఆశిరమ్మ చటుక్కున చీరకొంగు సరిచేసుకుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో తిరుగుతున్న మాటరాని మనిషి ఎవరో చదువుకున్న పెద్దింటి ఆవిడని ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. "గవర్మెంటోళ్ళు పంపినారా తల్లీ?" అనడిగింది. భయం తగ్గింది. ఆ రోజునుంచి ఆమె మంచం గోడకి జరపలేదు. కాళ్ళు చాపుకోవడం మాత్రం మానేసింది. పరాయివాళ్ళ ముందు కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చునేది. "నీ కోడల్నే" అని నూకరత్నం ఎన్నిసార్లన్నా, ముసల్ది ఉలిక్కిపడుతుందని పట్టీ దాన్ని "నన్ను మీ మనిషే అనుకోండి అమ్మగారూ" అని మార్చి పలికేది.

ఆఫీసంటేనే బెదిరే ముసల్దాన్ని అద్దాల గదికి తీసుకెళ్ళడం కుదరదు కాబట్టి నూకరత్నానికి ఒకే ఒక్క దారి మిగిలింది. లైట్‌హౌస్ దాటాక సముద్రంలో స్తంభాల ప్రభావం ఉండదని పడవలవాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆమె తమ్ముడు పోలయ్యకి పడవుంది. ఒకనాటి పొద్దున్న వాళ్ళిద్దరూ ఆశిరమ్మని మోసుకెళ్ళి పడవలో దుప్పటి మీద కూర్చోబెట్టారు. ముసల్ది పడవ అంచు గట్టిగా పట్టుకుని ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది. లైట్‌హౌస్ వెనకబడ్డాక పోలయ్య ఇంజను ఆపాడు. నూకరత్నం పట్టీ స్విచ్చి ఆపింది. ముసల్దాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడు నెలల తరవాత గుండెల్నిండా గాలి పీల్చుకుంది.

"ఓలి ముసల్దానా, నీ జిమ్మడిపోనూ. నానేనే. నీ కోడల్ని. గాజులు దొంగిలించానంతావా, నీ నోట్లో మన్నెట్టా. ఏడు నెల్లు నీకు గెంజి పోసింది ఎవులనుకున్నావే, నీ అమ్మ మొగుడా?"

ఆ గొంతు నీళ్ళ మీద దూరంగా పరుచుకుంది. ఆశిరమ్మ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. పళ్ళులేని నోరు తెరుచుకుంది. రెండు చేతులూ చాపి కోడలి మొహం అందుకుంది. చెంపలు, గడ్డం, మెడ తడిమింది. మెడ దగ్గర ఆ వేళ్ళు ఆగిపోయాయి. పట్టీని ఒక చివరనుంచి ఇంకో చివరకి తడిమాయి. చల్లటి ప్లాస్టిక్కు, మధ్యలో చిన్న జాలీ.

ముసల్ది చేతులు వెనక్కి తీసుకుంది.

"మిషనీ," అంది. "దాని గొంతు పట్టుకుపోయి ఇందులో ఎట్టారు. పదకొండు రోజులు ఎల్లింది కదా ఆ ఆఫీసుకి. నాకు తెల్సు."

"కాదే ముసల్దానా, నానే..." నూకరత్నం పట్టీ పీకి నీళ్ళలోకి విసరబోయింది. పోలయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒగ్గీకు అప్పా. అది కూడా పోతే ఇంట్లో ఎలాగ మాటాడతావు?" అన్నాడు.

నూకరత్నం అరిచింది, తిట్టింది, ఏడ్చింది. ఆ గొంతు ఎంత అచ్చంగా కోడలి గొంతులాగా ఉంటే అంతగా ఆశిరమ్మ చెవులు మూసుకుంది. "ఆపీమను తల్లీ ఆ మిషనీని," అని తన చీకట్లో ఎటో తిరిగి ఎవరినో బతిమాలింది. "సచ్చినోళ్ళ గొంతు ఇనిపించకండి నాకు." చివరికి నూకరత్నమే నోరు మూసుకుంది. పోలయ్య ఇంజను స్టార్టు చేశాడు.

ఆ ప్రయాణం తరవాత ముసల్ది మంచం దిగలేదు. నూకరత్నం షెడ్డు పని మానుకుని పక్కనే ఉంది. ఒళ్ళు తుడిచేది, గంజి పట్టేది. పట్టీ అప్పుడప్పుడు "నీళ్ళు కావాలా అమ్మగారూ?" అనేది. ఒక మధ్యాహ్నం రేకుల మీద ఎండ చిటపటలాడుతుంటే ఆశిరమ్మ తనంతట తనే మాట్లాడింది.

"తల్లీ, నువ్వు సదూకున్నదానివి. ఆఫీసుల్లో తిరిగీదానివి. మా కోడలు ఎక్కడుందో నీకు తెలకుండా ఉండదు. బతికుంటే దానికో మాట సెప్తావా?"

"చెప్పండి అమ్మగారూ."

"నా కళ్ళు పోయిన కొత్తల్లో నాను బలే బయపడ్డాను. ఇంట్లో ఎవులెక్కడున్నారో తెలీదు. అడగడానికి సిగ్గు. అప్పట్నుంచీ అది నన్ను తిట్టడం మొదలెట్టింది. పొయ్యి దగ్గిరుంతే పొయ్యి కాడ్నించి, పెరట్లో ఉంతే పెరట్లోంచి. ఒక్క గడియ ఆగీది కాదు. అది తిడతంటే ఇల్లంతా నాకు కనపడీది తల్లీ. అందుకే తిడతందని నాకు తెల్సు. నాకు తెల్సని దానికి తెలీదు." ముసల్ది ఊపిరి అందక ఆగింది. "కన్నకూతురైనా అలాగ సూడదని సెప్పు. దాని ముందర అన్నానంతే నన్ను సులకన సేసీస్తాదని ఎప్పుడూ అన్లేదు."

తను ఎందుకు తిట్టేదో ఆ సంగతి నూకరత్నం ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. చచ్చిన మొగుడి ఫొటోకి కూడా చెప్పలేదు. ఆమె గొంతు నరాలన్నీ ఒక్కసారి బిగిసాయి. "ఓలి దొంగ ముసల్దానా, ఇన్నాళ్ళూ కడుపులో ఎట్టుకుని సంపుతావా నన్ను, నీ జిమ్మడిపోనూ, నానిక్కడే ఉన్నానే, నీ పక్కనే కూకున్నానే," అంది. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, మాట మీద మాట పడేస్తూ అంది.

మెడపట్టీ అంతా విని క్షణం ఆగింది.

"మీ సందేశం తప్పకుండా అందజేస్తాను అమ్మగారూ. మీరు విశ్రాంతి తీసుకోండి."

ఆశిరమ్మ మొహంలో నిమ్మళం కనిపించింది. ఆ గొంతు వచ్చిన వైపుకి తిరిగి, ఎముకలు తేలిన రెండు చేతులూ ఎత్తి కోడలికి దండం పెట్టింది. నూకరత్నం ఆ చేతులు రెండూ పట్టుకుని తన మొహానికి హత్తుకుంది. ముసల్ది కంగారుగా, మర్యాదగా, చేతులు వెనక్కి లాక్కుంది.

"వద్దు తల్లీ," అంది. "మాది నీసు కొట్టీ ఒళ్ళు. మీకంటుకుంతాది."